ఊరి చెరువును, దాని పైవాగును ఊరంతా కలిసి చూసుకోవడం ఎలా: తొలి నడక నుంచి ఎన్ని ఎకరాలకు నీళ్లో తేల్చే తైబందీ దాకా

"మా చెరువు బాగు చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లలో చాలామంది ఆ వెంటనే జేసీబీ గంటకు ఎంత పడుతుందని అడుగుతారు. ఈ మార్గదర్శిలో జేసీబీ ఎనిమిదో మెట్టు దగ్గర గానీ రాదు. అంతకుముందు ఏడు మెట్లూ మనుషుల పనే.

తెలంగాణ, రాయలసీమ, కోస్తా మెట్ట ప్రాంతాల్లో ఒకదాని అలుగు నీళ్లు ఇంకొకదాన్ని నింపే గొలుసుకట్టు చెరువుల కోసం ఇది రాశాను. అలుగు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు; అలుగు అన్నచోటల్లా మీ ఊరి మాట మత్తడి అయితే మత్తడి అని, మరవ అయితే మరవ అని, కలుజు అయితే కలుజు అని చదువుకోండి.

చెరువు కమిటీలు మామూలుగా లాభపడేవాళ్లతో మొదలవుతాయి. ఆయకట్టు రైతులు నలుగురు, ఉత్సాహం ఉన్న కుర్రాళ్లు నలుగురు, పైన సర్పంచ్. ఆ వరస తిరగెయ్యమని నా సలహా. చెరువు నిండితే, కాలువ వెడల్పయితే ఎవరికి నష్టమో ముందు తేల్చండి. వాళ్ల గడప తొక్కి మొదలుపెట్టండి. లాభపడేవాళ్లు ఎటూ వస్తారు.

1. కాగితాలు తెచ్చుకోండి, ఆ తర్వాత నడవండి

ఎవరితోనైనా మాట్లాడే ముందు చేతిలో ఉండాల్సినవి:

- తహసీల్దార్ ఆఫీసు నుంచి గ్రామ నక్షా నకలు. అందులో చెరువు, శిఖం (చెరువు లోపలి నేల), వాగు, వరద కాలువ (చెరువులోకి వాన నీళ్లు తెచ్చేది) ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి.
- నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర చెరువు వివరాలు: ఆయకట్టు ఎంత, సామర్థ్యం ఎంత, అలుగు పొడవెంత, తూములు ఎన్ని, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎక్కడ.
- ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో కనిపించే ఉపగ్రహ చిత్రం ప్రింటు. ఉచితమే.
- మీ చెరువుకు ఇప్పటికే ఏదైనా సంఘం ఉందా అన్న సమాచారం. 1997 నాటి రైతుల సాగునీటి నిర్వహణ చట్టం కింద ఏర్పడ్డ నీటి వినియోగదారుల సంఘాలకు ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఉన్న సంఘాన్ని పక్కనపెట్టి కొత్తది పెడితే మొదటి రోజే రెండు వర్గాలు తయారవుతాయి.

తర్వాత నడక. కట్ట మీద కాదు, పైనుంచి. నీళ్లు ఏ గుట్ట దగ్గర పుడుతున్నాయో అక్కడి నుంచి చెరువు దాకా దిగిరండి. వెంట ఇద్దరు తప్పనిసరి: ఒకప్పుడు నీరటి పని (తూము తీసి మళ్లకు నీళ్లు తిప్పే పని) చేసిన ముసలాయన ఒకరు, గొర్రెల కాపరి ఒకరు. ఏ ఒర్రె ఎటు తిరిగిందో, ఏ బండ కింద ఊట ఉందో కాపరికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. ఆయన్ని పిలిచే కమిటీని మాత్రం నేను అరుదుగా చూశాను.

వీలైతే పెద్ద వాన పడ్డ మర్నాడే నడవండి. నక్షాలో ఉన్న కాలువ ఒకచోట, నీళ్లు పోతున్నది ఇంకోచోట అని ఆ రోజే తెలుస్తుంది.

నడకలో రాసుకోవాల్సినవి:

- కాలువ ఎక్కడ సన్నబడింది, ఎక్కడ దున్నేశారు
- రోడ్డు అడ్డం వచ్చినచోట పైపులు సరిపోతున్నాయా
- సర్కారు తుమ్మ ఎక్కడ కమ్మేసింది
- క్వారీ మట్టి, కోళ్లఫారం వ్యర్థాలు, ఊరి మురుగు ఎక్కడ కలుస్తున్నాయి
- పైన కొత్తగా కట్టిన చెక్‌డ్యాములు, ఫారంపాండ్లు

మనుషుల పేర్లు రాయొద్దు, సర్వే నంబరో చెట్టు గుర్తో చాలు. ఇంకో ముఖ్యమైన మాట: ఆక్రమణల ఫొటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఒక్క ఫొటోతో ఆ రైతు ఊరందరి ముందు దొంగవుతాడు. ఆ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడటానికి ఏళ్లు పడుతుంది.

2. ఎవరికి ఏం పోతుందో రాసుకోండి

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి: ఎవరు, చెరువుతో ఏం పని, చెరువు బాగుపడితే వాళ్లకు ఏం పోతుంది. మూడో గడే అసలుది. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఆ కాగితం ఇలా ఉంటుంది.

శిఖంలో సాగు చేసేవాళ్లు: నీళ్లు వెనక్కి తగ్గాక తేమ మీద పంట వేసుకుంటారు. చెరువు నిండా నీళ్లు ఎక్కువ రోజులు ఉంటే ఆ పంట పోతుంది. వీళ్లలో పట్టా ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ఉంటారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు.

వరద కాలువ పక్క రైతులు: కాలువ వెడల్పయితే రెండు మూడు సాళ్ల భూమి పోతుంది. పైగా వీళ్ల పొలాలు చెరువుకు పైన ఉంటాయి కాబట్టి చెరువు నీళ్లు ఒక్క చుక్క వీళ్లకు రావు. ఏ లాభమూ లేనివాళ్లను త్యాగం చెయ్యమంటున్నామని గుర్తుంచుకోండి.

మత్స్యకార సంఘం: చేప ఎదగాలంటే వేసవి దాకా నీళ్లు ఉండాలి. ఆయకట్టు రైతుకు యాసంగిలో తూము తియ్యాలి. చెరువుల మీద జరిగే గొడవల్లో అన్నింటికన్నా పాతది ఇదే.

చివరి ఆయకట్టు రైతులు: తూము దగ్గరివాళ్లు రెండు మళ్లు తడిపాక మిగిలితే వీళ్లకు. చాలా ఊళ్లలో ఈ చివరి భూములు దళిత కుటుంబాలవి. ఎన్ని సమావేశాలకు వచ్చినా నీళ్లు రావని వాళ్లకు అనుభవం.

బట్టలుతికే చాకలివాళ్లు, పశువుల కాపరులు, తామరాకులు, తుంగ కోసుకునేవాళ్లు, చెరువు మట్టి తెచ్చుకునే కుమ్మరులు: వీళ్లకు భూమి ఉండదు, అందుకే ఏ రికార్డులోనూ కనిపించరు. కట్టకు రాయి పరిచి రేవు మూసేస్తే మొదట నష్టపోయేది వీళ్లే.

బోరు రైతులు: చెరువు నిండితే వీళ్ల బోర్లు పోస్తాయి. లాభం పెద్దది, ఖర్చు సున్నా. చందా అడగాల్సింది వీళ్లను, కానీ ఆయకట్టులో లేరని ఎవరూ అడగరు.

3. సమావేశానికి ముందు గడపగడపకూ వెళ్లండి

వరస ఇది: ముందు కాలువ పక్క రైతులు, తర్వాత శిఖం రైతులు, తర్వాత మత్స్యకారులు, చివరి ఆయకట్టు, ఆపైన మిగతావాళ్లు. సర్పంచ్‌కూ, వార్డు సభ్యులకూ మొదటి రోజే ఒక మాట చెప్పి ఉంచండి. అనుమతి కోసం కాదు, వేరేవాళ్ల నోటి ద్వారా వినకూడదని.

పోయేది ఇద్దరు ముగ్గురు, అందులో ఒకరు ఆ మనిషికి చుట్టమో, వరస కలిసినవాళ్లో అయితే మంచిది. పదిమంది కలిసి వెళ్తే నిలదీయడానికి వచ్చారనుకుంటారు.

మాట మొదలుపెట్టే తీరు మీదే సగం ఆధారపడి ఉంది.

ఇలా వద్దు: "అన్నా, కాలువ మీ చేలో కలిసిపోయింది, వదిలెయ్యాలి."

ఇలా అడగండి: "అన్నా, మొన్న వానకు మీ చేలోకి నీళ్లెక్కినయంట కదా, ఎంత పంట పోయింది?"

కాలువ పూడితే ఆ నీళ్లు ముందు ముంచేది ఆయన చేనునే. ఆయన నష్టం ఆయన నోటితోనే వచ్చాక, కాలువ లోతు చేస్తే ఆయనకేం కావాలో అడగండి. ట్రాక్టరు దాటడానికి సిమెంటు పైపులు కావాలంటారు, తీసిన మట్టి గట్టు మీద పోయమంటారు, కొలత సర్వేయరుతోనే వేయించమంటారు. మూడూ న్యాయమైనవే, తీర్చగలిగేవే. కాలువను ఒకేసారి నక్షా వెడల్పుకు తేవాలని పట్టుబట్టకండి. మొదటి ఏడాది నీళ్లు పారేంత లోతు వస్తే చాలు, వెడల్పు సంగతి సర్వే అయ్యాక.

శిఖం రైతుల దగ్గర ఎఫ్‌టీఎల్ మాట ఎత్తగానే టెన్షన్ మొదలవుతుంది. భూమి లాక్కుంటారనే భయం అది. పట్టా ఉన్నవాళ్లు నీళ్లు తగ్గాక సాగు చేసుకోవడం వేరు, మట్టి పోసి ఎత్తు చేయడం, గోడ కట్టడం వేరు అని స్పష్టంగా చెప్పండి. మీరు అడగబోయేది రెండోది ఆపమని మాత్రమే అయితే, ఆ మాట మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి. మగవాళ్ల మధ్య కూర్చోబెట్టి "మీరూ చెప్పండమ్మా" అంటే ఎవరూ నోరు విప్పరు. పొదుపు సంఘం కూర్చునే రోజున ఒక అరగంట అడిగి తీసుకోండి. రేవు, పశువుల దాణా, బతుకమ్మ మెట్లు, చేతిపంపు నీళ్ల రంగు మారడం లాంటివి అక్కడే బయటికొస్తాయి.

4. మొదటి సమావేశం: స్థలం, వేళ, రాత

కట్టమైసమ్మ గద్దె దగ్గర పెడితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది. ఊరందరూ అక్కడికి సమానంగా వచ్చే ఊరైతే పెట్టండి. ఏ ఒక్క వాడవాళ్లైనా దూరంగా నిలబడాల్సి వచ్చే చోటైతే వద్దు. బడి ఆవరణ మంచిది.

పొద్దుగూకాక, అన్నాల వేళకు ముందు పెట్టండి. ముందురోజు డప్పు చాటింపు వేయించండి. వాట్సాప్ మెసేజి చాలనుకుంటే కాపరి, చాకలి, ముసలి రైతు రారు.

నేల మీద ముగ్గుపిండితో చెరువు, వాగు, కాలువలు, తూములు గీయించండి. గీసేది మీరు కాదు, నీరటీ, కాపరీ. పటం చుట్టూ నిలబడ్డవాళ్లు తప్పులు సరిదిద్దడం మొదలుపెడితే సమావేశం నడిచినట్టే.

మొదటి రోజు కమిటీ ఎన్నిక పెట్టకండి. పదవులు వచ్చిన క్షణం నుంచి మాట నీళ్ల మీంచి మనుషుల మీదికి మళ్లుతుంది. ఆ రోజు మూడు విషయాలు రాసుకుంటే చాలు:

- ఈ వానాకాలం లోపు చేయగలిగిన ఒక్క పని
- ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏమని (పేరు వద్దంటే వద్దు, మాట మాత్రం రాయాలి)
- మళ్లీ కూర్చునే తేదీ

రాసింది అక్కడే గట్టిగా చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కమిటీ మూడో సమావేశంలో వేసుకోవచ్చు. అప్పుడు కూడా రెండో మెట్టులో రాసిన ప్రతి వర్గం నుంచి ఒకరు, చివరి ఆయకట్టు నుంచి ఇద్దరు, కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండేలా చూడండి.

5. చిన్న పని, కంటికి కనబడే పని

మొదటి పనికి మూడు లక్షణాలు ఉండాలి: రెండు మూడు రోజుల్లో అయిపోవాలి, ఎవరి భూమీ పోకూడదు, మొదటి వానకే ఫలితం కనబడాలి.

కట్ట మీది కంప కొట్టడం, తూము ముందు పేరుకున్న బురద తీయడం, రోడ్డు కింద మూసుకుపోయిన పైపులు శుభ్రం చేయడం ఇలాంటివి. గుర్రపు డెక్క తీయడం మొదటి పనిగా పెట్టుకోవద్దు. పైనుంచి మురుగు వస్తున్నంత కాలం అది మళ్లీ కమ్ముకుంటుంది, శ్రమదానానికి వచ్చినవాళ్లు నీరసపడతారు.

కట్ట మీద పెద్ద చెట్లు కనిపిస్తే మీరే పెకలించకండి. వేరు కుళ్లినచోట కట్టలో బొరియ పడుతుంది. ఏఈకి చూపించాకే.

6. నీళ్లు కొలవడం ఊరి చేతికి ఇవ్వండి

ఒప్పందాలు నిలబడేది అంకెల మీద, అదీ ఊరివాళ్లు తామే కొలిచిన అంకెల మీద. 2000ల్లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టులో ఇదే జరిగింది. వానమానిని రైతులే చూశారు, బోర్ల మట్టాన్ని రైతులే కొలిచారు, యాసంగికి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క చూశాక ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు.

కావాల్సినవి:

- తూము దగ్గర అడుగులు, అంగుళాలు పెయింటు వేసిన గేజి
- బడిలో ఒక వానమాని, పిల్లల చేత రోజూ రాయించే నోటుబుక్
- చెరువు కింద నాలుగైదు బోర్లలో నెలకోసారి మట్టం కొలత
- పంచాయతీ గోడ మీద నల్లబోర్డు

గేజి అడుగులకు ఎన్ని నీళ్లో చెప్పే పట్టిక ఏఈ దగ్గర ఉంటే తీసుకోండి. లేకపోతే ముతక లెక్క ఒకటుంది: నీరు పరుచుకున్న ఎకరాలను తూము దగ్గరి లోతు అడుగులతో గుణించి మూడుతో భాగించండి. వచ్చేది ఎకరం-అడుగులు, అంటే ఎకరం నేల మీద అడుగు ఎత్తు నిలిచే నీళ్లు. ఒక్కో ఎకరం-అడుగు సుమారు 12.3 లక్షల లీటర్లు.

ఉదాహరణకు దసరా తర్వాత నీరు 60 ఎకరాల్లో ఉంది, తూము దగ్గర లోతు 12 అడుగులు అనుకుందాం.

- మొత్తం నీళ్లు: 60 × 12 ÷ 3 = 240 ఎకరం-అడుగులు
- ఎండకూ ఇంకుడుకూ పోయేది మూడో వంతు: 80
- పశువులకు, చేపలకు అట్టిపెట్టేది: 40
- పంటకు మిగిలేది: 120

యాసంగి వరికి సుమారు 4 అడుగుల నీరు కావాలి. అంటే 30 ఎకరాలు. నువ్వులు, జొన్న, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకు అడుగున్నర, అడుగూ ముప్పావు మధ్య చాలు. అంటే సుమారు 70 నుంచి 80 ఎకరాలు పారుతుంది. ఆయకట్టు 100 ఎకరాలైతే, అందరూ వరి వేస్తే ఎందుకు ఎండుతుందో ఈ నాలుగు వరసలు చెబుతాయి. ఉపన్యాసం అక్కర్లేదు.

కాలువలో కారిపోయేది ఈ లెక్కలో లేదు. కాబట్టి వచ్చిన ఎకరాలను ఇంకాస్త తగ్గించే ఒప్పుకోండి.

7. తైబందీ, తూము తాళం, అలుగు

తెలంగాణ చెరువుల కింద తాబి (యాసంగి) పంటకు ముందు ఊరు కూర్చుని ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో తేల్చుకునే తైబందీ పద్ధతి పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. కొత్త నియమావళి కనిపెట్టేకన్నా దాన్నే మళ్లీ కూర్చోబెట్టండి. నల్లబోర్డు మీద ఆరో మెట్టు లెక్క రాసి, దాని ముందు కూర్చోండి.

తైబందీలో తేలాల్సినవి:

- ఎన్ని ఎకరాలు, ఏ వరుసలో (తగ్గించాల్సి వస్తే ప్రతి రైతుకూ ఉన్న భూమిలో ఇంత వంతు అని తగ్గించాలి, చివరివాళ్లను ఎత్తేయడం కాదు)
- తూము తీసే రోజు, మూసే రోజు, వారబందీ (వంతుల వారీగా నీళ్లు) ఎలా
- గేజి ఏ అంకెకు దిగితే తూము మూతపడాలి

మూడోది మత్స్యకారుల కోసం. "చేపలకు కొంచెం నీళ్లు వదలండి" అన్న మాట ఏ ఊళ్లోనూ నిలబడదు. "గేజి 4 అడుగులకు వస్తే తూము మూత" అన్న మాట నిలబడుతుంది. బదులుగా మత్స్యకారులు కూడా రెండింటికి ఒప్పుకోవాలి: అలుగుకు అడ్డంగా కట్టే వల పెద్ద వాన రోజు తీసేయాలి, తూముకు జాలి పెడితే రోజూ చెత్త తీయాలి. వలకు చెత్త చుట్టుకుని అలుగు మూసుకుపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట మీద నీళ్లు పొర్లడం మొదలైతే గండిని ఆపడం కష్టం.

అలుగు మీద ఇసుక బస్తాలు వేసి ఎత్తు పెంచడం ఇంకో అలవాటు. అడుగు నీళ్లు ఎక్కువ ఆగుతాయని ఆయకట్టు రైతులు వేస్తారు. శిఖం మునుగుతోందని ఒక రాత్రి ఎవరో అలుగుకు గండి కొడతారు. రెండూ నేరమే, రెండూ ప్రమాదమే. అలుగు ఎత్తును ఎవరూ ముట్టుకోకూడదనే తీర్మానం విడిగా రాసి, రెండు పక్షాల చేతా సంతకం చేయించండి.

తూము తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆయన నీరటి. కమిటీ అధ్యక్షుడి దగ్గర కాదు. నీరటికి ఆయకట్టులో సొంత భూమి లేకపోతే ఇంకా మంచిది. పంటకు ఎకరాకు ఇంత అని ధాన్యమో డబ్బో ముందే తేల్చి, కళ్లం దగ్గరే ఇప్పించండి. జీతం అందని నీరటి ఎవరు చాయ్ తాగిస్తే వాళ్ల మడికి నీళ్లు తిప్పుతాడు. అందులో ఆయన తప్పు ఎంతని?

8. పూడిక: ఇప్పుడు జేసీబీ

తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో 46,531 చెరువులు, కుంటలను లెక్కించి దశలవారీగా పూడిక పనులు పెట్టారు. తవ్వి పోయడం ప్రభుత్వం వంతు, మట్టి తోలుకోవడం రైతుల వంతు. ఆ పద్ధతి ఇప్పుడూ పనికొస్తుంది. ముందు తేల్చుకోవాల్సినవి ఇవి:

- ఏఈ కొలిచి గుర్తు వేసిన చోటే తవ్వాలి. కట్ట పాదం దగ్గర తవ్వితే కట్ట బలహీనపడుతుంది.
- పైనున్న నల్లమట్టి వరకే. కింద మొరం తగిలితే ఆపాలి, లేకపోతే చెరువు నీళ్లు నిలవవు.
- గుంతలు గుంతలుగా కాక, వాలుగా చదునుగా తీయాలి. నిట్టనిలువు గుంతల్లో ఏటా పిల్లలు, పశువులు మునిగి చనిపోతున్నారు. వలలు కూడా చిక్కుకుంటాయి.
- మట్టి మొదట చిన్న రైతుల పొలాలకు. ఇటుక బట్టీలకు, వెంచర్లకు ఒక్క ట్రాక్టరు పోయినా పని ఆపాలి.
- ట్రిప్పుల లెక్క రాయడానికి ఇద్దరు, వేర్వేరు వాడల నుంచి.

మట్టిని ముందు పరీక్షకు పంపించండి. మురుగు కలిసే చెరువు మట్టిని పొలానికి తోలొద్దు.

9. పై ఊరు, కింది ఊరు

పై చెరువు అలుగు ఎత్తితే మీకు నీళ్లు రావు. పై చెరువు కట్ట తెగితే మీ చెరువూ నిలవదు. అందుకని గొలుసులో కనీసం పైనున్న ఒక ఊరితో, కిందనున్న ఒక ఊరితో మాట ఉండాలి.

గొడవ వచ్చాక వెళ్తే పంచాయితీ అవుతుంది. ఏ గొడవా లేనప్పుడు, రోహిణి కార్తెలో వెళ్లండి. అడగాల్సినవి రెండే: పెద్ద వాన రాత్రి ఫోన్ చేయడానికి రెండు ఊళ్ల నీరటుల నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, ఉమ్మడి కాలువను ఒకే వారంలో ఎవరి భాగం వాళ్లు బాగు చేయడం. నీటి వాటా సంగతి మొదటి ఏడాది ఎత్తకండి. మీ అలుగు తీర్మానం నకలు మీరే ముందు కింది ఊరికి ఇవ్వండి. ఆ తర్వాతే పై ఊరిని అలాంటిది అడిగే ముఖం ఉంటుంది.

10. శాఖలు, డబ్బు

కట్ట, తూము, అలుగు: నీటిపారుదల శాఖ ఏఈ. సర్వే, ఆక్రమణ: తహసీల్దార్. కాలువ పూడికతీత, కంప తొలగింపు: ఉపాధి హామీ పనుల జాబితా, దానికి గ్రామసభ తీర్మానం కావాలి. చేపల సంఘం: జిల్లా మత్స్యశాఖ. వాగులో ఇసుక, చెట్ల నరికివేత, బోర్లు: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం.

ఆఫీసుకు అర్జీతో పాటు నోటుబుక్ లెక్కలు, తీర్మానం నకలు, నక్షా మీద గుర్తులు పట్టుకెళ్లండి. రసీదు తీసుకోండి. అధికారి బదిలీ అయితే కొత్తాయనకు అదే ఫైలు చూపించి చెరువు మీదికి ఒకసారి తీసుకెళ్లండి.

డబ్బు సంగతి: ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, అచ్చు రసీదు పుస్తకం, నెలనెలా నల్లబోర్డు మీద జమాఖర్చు. ఇంతకన్నా చెప్పేదేం లేదు, ఇంతకన్నా తక్కువైతే కుదరదు.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కమిటీ అంతా ఒకే పార్టీ వాళ్లయ్యారు. సవరణ: ఎన్నికల ముందు కాదు, తర్వాత కూర్చుని, రెండో మెట్టు జాబితా ప్రకారం ఖాళీలు నింపండి. పార్టీని బట్టి కాదు, చెరువుతో ఉన్న పనిని బట్టి మనిషి వస్తాడు.

శ్రమదానానికి మొదటి వారం యాభైమంది, మూడో వారం ఐదుగురు. సవరణ: వారంవారం పిలవకండి. ఏడాదిలో రెండు పనులు, తేదీలు ముందే చెప్పి. భూమి లేని కూలీలను ఉచితంగా పిలవొద్దు. లాభం రైతుకు, చాకిరీ కూలీకి అయితే అది దానం కాదు. ఉపాధి పనిలో పెట్టించండి.

ఒక రైతు కాలువ వదలనంటున్నాడు. సవరణ: ఆయనతో ఆగిపోకండి. మిగతా కాలువంతా బాగు చేసి, ఆయన చేను దగ్గర ఉన్నంతలో పైపు వేయండి. సర్వే కోసం అర్జీ పెట్టండి, పెట్టినట్టు ఆయనకు మీరే చెప్పండి. కేసు చివరి మాట. ఒకసారి కోర్టుకు వెళ్తే రెండు కుటుంబాల మధ్య చెరువు మాట మళ్లీ రాదు.

కబ్జాదారు ఊరివాడు కాదు, వెంచర్ వేస్తున్నాడు. ఇక్కడ బుజ్జగింపులు పనిచేయవు. గ్రామసభ తీర్మానం, తహసీల్దార్‌కు, నీటిపారుదల శాఖకు రాతపూర్వక ఫిర్యాదు, మొదటి లారీ మట్టి పడ్డ రోజే. గోడ లేచాక కాదు.

సుందరీకరణ పేరుతో కట్ట మీద బెంచీలు, లైట్లు. రేవులు, పశువుల దారులు అలాగే ఉంచుతున్నారో లేదో ప్లాను మీదే చూడండి, కట్టాక అడిగితే ఎవరూ కూల్చరు.

12. ఊరు పట్నంలో కలిసిపోతే

ఆయకట్టు లేదు, నీరటి లేడు, చుట్టూ కాలనీలు. అప్పుడు వర్గాలు మారతాయి: కాలనీ సంఘాలు, పాత ఊరివాళ్లు, మత్స్యకారులు, వాకింగ్‌కు వచ్చేవాళ్లు. కాలనీ సంఘాలు మత్స్యకారులను మర్చిపోతుంటాయి. చెరువు మీద ఇంకా బతుకుతున్నది వాళ్లే, కాబట్టి మురుగు ఎప్పుడు ఏ నాలా నుంచి వస్తుందో ముందు తెలిసేదీ వాళ్లకే.

తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్ (కట్టడాలు ఉండకూడని మేర). ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ అయిందా లేదా అన్నది మీ మొదటి ప్రశ్న. కాకపోతే పట్టుబట్టాల్సిన మొదటి పని అదే. చెత్త ఏరడం ఆ తర్వాత.

13. ఏడాది పొడవునా ఏం, ఎప్పుడు

- ఉగాది తర్వాత: జమాఖర్చు చదవడం, పూడిక పని, గేజికి మళ్లీ రంగు
- రోహిణి కార్తె: కాలువ నడక, పై ఊరు, కింది ఊరు పోయిరావడం
- మృగశిరకు ముందు: కాలువలో కంప తీయడం, తూము షట్టరుకు గ్రీజు, కట్ట మీద ఎలుక బొరియలు, పందికొక్కు బొరియలు పూడ్చడం
- ఆరుద్ర నుంచి ఉత్తర దాకా: వాన లెక్క, పెద్ద వాన రాత్రులు కట్ట కాపలా వంతులు, చేప పిల్లలు వదలడం
- బతుకమ్మకు ముందు: మెట్లు, రేవు శుభ్రం
- దసరా, దీపావళి మధ్య: నీటి లెక్క, తైబందీ
- సంక్రాంతి తర్వాత: వారానికోసారి గేజి చదివి నల్లబోర్డు మీద రాయడం, అనుకున్న అంకెకు తూము మూత
- కోతల్లో: నీరటి బాకీ తీర్చడం

ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడే నెల్లూరు, చిత్తూరు వైపు చెరువులు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య నిండుతాయి. అక్కడ తైబందీని డిసెంబరుకు జరపండి, కాలువ పనిని సెప్టెంబరు లోపు ముగించండి.

పంచాయతీ పాలకవర్గం మారిన ఏడాది ఈ పట్టికకు ఒక వరస కలపండి: నక్షా, గేజి నోటుబుక్కులు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ గ్రామసభలో అందరి ముందు కొత్తవాళ్లకు అప్పగించి, ఒక్కో నకలు నీరటి ఇంట్లో ఉంచడం.